ఎడ్ల నడకకు తగ్గ ఎరువు బండి: ఇంటి దగ్గరే ఎలా కట్టుకోవాలి

గుర్రం మన దిక్కు పెండ్లి బరాత్‌లో కనిపిస్తుంది గానీ చేనులో కనిపించదు. అయినా పశువులు లాగే ఎరువు యంత్రం ఎట్లా ఉంటుందా అని వెతికితే దొరికే నమూనాలన్నీ గుర్రానివే. నాలుగేండ్ల కింద నేనూ అట్లాంటి బొమ్మ ఒకటి ముందర పెట్టుకొని, వరంగల్ జిల్లా పర్వతగిరి దిక్కున్న మా మక్కచేను కోసం ఒక బండి కట్టించాను. పొడుగాటి డబ్బా, అడుగున వరుసగా రంధ్రాలు, లోపల కలియబెట్టే ఒక సళాక. చూడటానికి ముచ్చటగానే ఉండె.

ఎడ్లు నడుస్తుంటే యూరియా బాగానే పడింది. తిప్పలు అవి ఆగినప్పుడు మొదలైనయి. ఎద్దు ఉచ్చ పోయడానికి ఆగితే దాని పని అయ్యేదాకా మనం నిలబడాల్సిందే. ఎడ్లు ఆగినా రంధ్రాలు ఆగవు కదా! నాలుగు రోజులకు చేను చూస్తే అక్కడక్కడ తట్టంత వెడల్పున మక్క మొక్కలు మాడిపోయి ఉన్నయి. బాపు గెట్టు మీద నిలబడి వాటిని లెక్కపెట్టిండు. పదిహేడు. "ఎడ్లు ఎన్నిసార్లు ఆగినయో చేనే రాసిపెట్టింది బిడ్డా" అన్నడు. ఇంకేం అనలేదు.

మీరు బండి కట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఎరువు గంటను బట్టి పడొద్దు, గజాన్ని బట్టి పడాలి. రంధ్రంలోంచి జారే ఎరువుకు గంటే లెక్క: ఎడ్లు మెల్లగా నడిస్తే ఎక్కువ పడుతుంది, ఉరికితే తక్కువ పడుతుంది, ఆగితే కుప్ప పడుతుంది. అదే గిర్ర తిరిగినంత మేరకే కొలిచి వదిలే ఏర్పాటు ఉంటే ఎడ్లు ఎట్లా నడిచినా ఎకరానికి పడేది ఒకటే. గిర్ర ఆగితే ఎరువూ ఆగుతుంది.

గుర్రపు బండ్ల వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వాళ్ల పెంట బండ్లలో ఇంజిను లేదు, నేలమీది గిర్రే అన్నిటినీ తిప్పేది. 1899లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మరియా స్టెయిన్ అనే ఊళ్లో జోసెఫ్ ఒపెన్‌హైమ్ అనే బడిపంతులు ఉండె. పిల్లలు పెంట ఎత్తి చల్లే పనిలో పడి బడికి రావడం లేదని, బండి వెనుక ఏటవాలు రెక్కలు పెట్టి పెంటను వెడల్పుగా చిమ్మే యంత్రం చేసిండు. అంతకుముందు బండ్లు తమ వెడల్పు మేరకే వదిలేవి. పిల్లల బంతాటలో కర్రను ఏటవాలుగా పట్టుకొని కొడితే బంతి పక్కకు పోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. 'న్యూ ఐడియా' అనే పేరుతో ఆ బండ్లు చాలా కాలం అమ్ముడుపోయినయి. అమెరికాలో ట్రాక్టరు వద్దనుకునే అమిష్ అనే క్రైస్తవ శాఖ రైతులు ఈ రోజుకీ గిర్ర తిప్పే పెంట బండ్లనే గుర్రాలతో లాగిస్తున్నరు.

మరి అదే బొమ్మ మనం ఎందుకు గీసుకోవద్దు? గుర్రం గంటకు నాలుగు కిలోమీటర్లు అవలీలగా నడుస్తుంది. మన ఎడ్లు దున్నిన నేలలో రెండున్నర. చిమ్మడం వేగం మీద ఆధారపడ్డ పని. గుర్రం వెనుక పది అడుగులు చిమ్మే పళ్లెం ఎడ్ల వెనుక పాదాల దగ్గరే రాలుస్తుంది. పండ్ల చక్రాలు (గేర్లు) పెంచి వేగం తెప్పించొచ్చు గానీ, అప్పుడు రేగడిలో గిర్ర తిరగకుండా జారుతుంది. అందుకే చిమ్మే బండి వద్దు, రాల్చే బండి కట్టండి. ఎంత వెడల్పు పెట్టె ఉంటే అంత వెడల్పునే ఎరువు పడుతుంది. గాలికి కొట్టుకపోదు, డీఏపీ పొటాష్ కలిపి పోసినా బరువు గింజ ఒక దిక్కు, తేలిక గింజ ఒక దిక్కు పోవు.

గిర్రలు, ఇరుసు

గిర్రలతోనే మొదలు పెట్టండి, తతిమ్మా లెక్కంతా వాటి మీదనే ఉంటుంది. 60 సెంటీమీటర్ల అడ్డుకొలతతో, 75 మి.మీ. వెడల్పు ఇనుప పట్టీతో రెండు గిర్రలు చేయించండి. సైకిల్ రిమ్ములు చవకగా దొరుకుతయి గానీ నల్లరేగడిలో ఇరుసు దాకా దిగిపోతయి. చెల్క నేలలోనైనా వద్దనే అంటాను. పట్టీ మీద జానెడు జానెడుకు చిన్న యాంగిల్ ముక్కలు అడ్డంగా అతికిస్తే నేలను పట్టుకుంటయి.

ఇరుసు 30 మి.మీ. సళాక. కుడి గిర్ర దానికి బిగిసి ఉండాలి, ఎడమ గిర్ర దాని మీద ఖాళీగా తిరగాలి. రెండూ బిగిస్తే మళ్లేటప్పుడు ఒకటి ఈడ్చుకపోతుంది, ఎడ్ల మెడలు ఒరుసుకుపోతయి. ఎరువు రోలరును తిప్పేది ఒక్క కుడి గిర్రే.

పెట్టె

పొడుగు 180 సెంటీమీటర్లు, పైన వెడల్పు 30, లోతు 30. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు V అక్షరం లాగ, కిందికి సన్నగిల్లాలి. ఈ కొలతకు గోడల వాలు 63 డిగ్రీల దాకా వస్తుంది. పొడి ఎరువు కుప్ప పోస్తే 30, 35 డిగ్రీల వాలులో నిలుస్తుంది కాబట్టి గోడ అంతకంటే బాగా నిటారుగా ఉండాలి. లేకుంటే వానకాలం తేమకు గోడలకు అంటుకొని నిలుస్తుంది. పెట్టె నిండా పోస్తే 80 లీటర్లు పడుతుంది. మీరు మాత్రం ఒకసారికి ఒక్క బస్తానే పోయండి. యూరియా బస్తా 45 కిలోలే అయినా తేలిక సరుకు కాబట్టి 60 లీటర్ల జాగ తింటుంది. డీఏపీ 50 కిలోలు 53 లీటర్లలో ఇమిడిపోతుంది.

పెట్టెను నీళ్లు తట్టుకునే ప్లైవుడ్‌తో చేయించి రెండు పూతల పెయింటు వేయించండి. మామూలు ఇనుప రేకు అయితే యూరియా, పొటాష్ రెండు పంటకాలాల్లో తినేస్తయి. పైన పది మిల్లీమీటర్ల కండ్లున్న జల్లెడ బిగించండి. గడ్డలన్నీ అక్కడే ఆగాలి, వాటిని చేత్తో నలిపి కిందికి తోయొచ్చు. పెట్టె లోపల నేనొక పాత సైకిల్ చైను వేలాడదీశాను. బండి కుదుపుకు అది ఊగుతుంటే ఎరువు లోపల వంతెన లాగ అడ్డంగా గడ్డకట్టి నిలిచిపోదు. ఇది ఏ బొమ్మలోనూ లేదు, ఒకరోజు విసుగులో పుట్టింది.

రోలర్లు

అసలు పనితనం ఇక్కడే ఉంది, కొంచెం ఓపికగా చదవండి.

పెట్టె అడుగున 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 12 నోర్లు పెట్టాలి. నోటికీ నోటికీ నడుమ చెక్కను ఇంటి కొప్పు లాగ చెక్కి బిగిస్తే ఎరువు నోళ్ల వైపే జారుతుంది. ఒక్కో నోటిలో ఒక్కో రోలరు. వరంగల్ లేత్ షాపుల్లో 50 మి.మీ. నైలాన్ కడ్డీ అడిగితే చూపిస్తరు. దాన్ని 40 మి.మీ. ముక్కలుగా పన్నెండు కోయించండి. అన్నిటినీ ఒకే 16 మి.మీ. స్టెయిన్‌లెస్ సళాకకు గుచ్చి, బోల్టులతో బిగించండి. సళాక నడుమ వంగకుండా మధ్యలో కూడా ఒక బుష్షు పెట్టాలి. రోలరు చెక్కతో చేద్దామా అని మా మేస్త్రి అడిగిండు. చెక్క తడికి ఉబ్బి బిగుసుకుంటుంది, నైలాన్ అంతగా ఉబ్బదు.

ఒక్కో రోలరు చుట్టూ ఎనిమిది గాడులు కావాలి. గాడి 12 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు, 20 మి.మీ. పొడుగు, అడుగు గుండ్రం. మిల్లింగ్ లేని షాపు అయితే ప్రతి గాడి బదులు 12 మి.మీ. డ్రిల్లుతో పక్కపక్కన రెండు గుంతలు, ఒక్కోటి 5 మి.మీ. లోతున వేయించండి, అందులో పట్టేది కూడా దాదాపు అంతే.

ఈ కొలత ఎక్కడిది? 60 సెంటీమీటర్ల గిర్ర ఒక్క చుట్టు తిరిగితే బండి 1.885 మీటర్లు కదులుతుంది. 180 సెంటీమీటర్ల వెడల్పుతో గుణిస్తే 3.39 చదరపు మీటర్లు. ఎకరం 4047 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి గిర్ర 1193 సార్లు తిరగాలి. ఎకరానికి ఒక డీఏపీ బస్తా పడాలంటే చుట్టుకు 42 గ్రాములు. పన్నెండు నోళ్లకు పంచితే నోటికి మూడున్నర గ్రాములు, చెంచాడు కూడా కాదు. అంత చిన్న కొలత నిలకడగా పడాలంటే రోలరు గిర్ర కంటే మెల్లగా తిరగాలి. అందుకు సైకిల్ సామానే సరిపోతుంది: ఇరుసు మీద 18 పండ్ల ఫ్రీవీల్, రోలరు సళాక మీద 44 పండ్ల పెద్ద చక్రం, నడుమ సైకిల్ చైను. గిర్ర 2.44 సార్లు తిరిగితే రోలరు ఒకసారి తిరుగుతుంది. అప్పుడు ఒక్కో నోట్లోంచి రోలరు చుట్టుకు ఎనిమిదిన్నర గ్రాములు పడాలి. డీఏపీ అయితే అది 9 మిల్లీలీటర్లు, ఎనిమిది గాడులకు పంచితే 1.13 మిల్లీలీటర్లు. గాడి కొలత అక్కడ తేలింది.

ఫ్రీవీల్ పెట్టడంలో ఒక కిటుకు ఉంది. సైకిల్‌లో చైను ఫ్రీవీల్‌ను తిప్పుతుంది, ఇక్కడ ఇరుసు ఫ్రీవీల్‌ను తిప్పి అది చైనును లాగాలి. కాబట్టి దాన్ని తిరగేసి బిగించాలి. మామూలుగా పెడితే బండి ముందుకు పోతుంటే టకటకమంటూ ఊరికే తిరుగుతుంది, రోలరు కదలదు. మా దగ్గర మొదట జరిగింది అదే. తిరగేసి పెడితే బండి వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే టకటకలాడుతుంది, ఎరువు పడదు.

రోలరుకు రెండు వైపులా పాత సైకిల్ ట్యూబు ముక్క పెదవి లాగ తాకాలి. గాడి నిండినాక పైన మిగిలినదాన్ని ఆ పెదవే గీరుతుంది, బండి ఆగినప్పుడు సందుల్లోంచి కారకుండా ఆపుతుంది. గట్టిగా నొక్కితే యూరియా గింజ పిండి అవుతుంది, వదులైతే కారుతుంది. వేలితో రోలరు తిప్పితే కొంచెం బిగుతుగా అనిపించాలి, అంతే.

నొగ, కాడి, బరువు

పెట్టె ఇరుసుకు జానెడు ముందుకు ఉండాలి. అట్లైతే నొగ మీద కొద్దిపాటి బరువు పడి ఎడ్ల మెడల మీద కాడి నిలుస్తుంది. పెట్టె ఇరుసు వెనక్కి పోతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతులకు పలుపులు బిగుస్తయి. నొగ చివర ఒక చేతితో లేపి చూడండి. నిండు పెట్టెతో కూడా సులువుగా లేవాలి.

ఖాళీ బండి 70 కిలోలు అనుకుంటే ఎరువుతో 120. దున్నిన నేలలో అందులో నాలుగో వంతు, అంటే 30 కిలోల లాగుడు. జత ఎడ్లు తమ బరువులో పదో వంతు పొద్దంతా లాగగలవు. ఆరు వందల కిలోల జతకు ఈ బండి సగం పనే. కైకిలి మనిషి వెనుక నడిస్తే చాలు, బండి మీద ఎవరూ కూర్చోవద్దు.

పెట్టె నోటికీ నేలకూ నడుమ జానెడు ఎత్తు ఉంచండి. నోటి కింద ఏటవాలుగా ఒక పలక బిగిస్తే ఎరువు దాని మీద పడి చిట్లి, గీతలు గీతలుగా కాకుండా పరుచుకుంటుంది.

ముప్పై చుట్లు

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. ఎకరానికి 1193 చుట్లు అనుకున్నాం కదా. ఎకరానికి 40 గుంటలు. భాగించి చూడండి: గుంటకు 30 చుట్లు. ఈ లెక్క వచ్చిన రోజు నేను కాగితం పట్టుకొని వాకిట్లో రెండు సార్లు తిరిగాను. బండిని చేనుకు తోలకుండానే, వాకిట్లోనే సరిచూసుకోవచ్చు.

కుడి గిర్ర నేలకు తగలకుండా, ఆ పక్క బండి చట్రం కింద ఇటుకలు పెట్టి లేపండి. గిర్ర అంచుకు ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టండి, చుట్లు లెక్కపెట్టడానికి. పెట్టెలో సగం బస్తా పోయండి. గాడులు నిండడానికి ఐదారు చుట్లు తిప్పి ఆ పడినదాన్ని మళ్లీ పెట్టెలోనే పోయండి. ఇప్పుడు పన్నెండు నోళ్ల కింద పన్నెండు ప్లాస్టిక్ గ్లాసులు పెట్టి, ఎడ్ల నడక అంత మెల్లగా ముప్పై చుట్లు తిప్పండి. ఉరికించొద్దు, గాడులు నిండవు. మొత్తం తూకం వేయండి. ఎకరానికి 50 కిలోలు అయితే కిలో పావు రావాలి. గ్లాసులను విడివిడిగా కూడా తూకం వేయండి, ఒక్కోటి 104 గ్రాముల దగ్గర ఉండాలి. పది గ్రాములు అటూఇటూ పర్వాలేదు. ఒక గ్లాసు 80 చూపిస్తే ఆ నోటి రబ్బరు పెదవి చూడండి, తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

తక్కువ ఎక్కువలు మార్చాలంటే ఫ్రీవీల్ మార్చండి. 16 పండ్లది పెడితే డీఏపీ ఎకరానికి 44 కిలోల దగ్గర, 20 పండ్లది పెడితే 55 దగ్గర వస్తుంది. అదే గాడిలో యూరియా తేలిక కాబట్టి 18 పండ్లతో 40 కిలోల దగ్గర పడుతుంది. ఇవి కాగితం మీది లెక్కలు, మీ ముప్పై చుట్ల తూకం చెప్పిందే నిజం. రెండు బస్తాలు వేయాలంటే ఒకే సాలు మీద రెట్టింపు చేయకండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తోలండి, ఎక్కడైనా సందు మిగిలితే అది కూడా పూడుకుపోతుంది.

వాకిట్లో కుదిరింది చేనులో కొంచెం తప్పుతుంది. గిర్ర జారుతుంది. ఎర్రగుడ్డను చూస్తూ చేనులో 56 మీటర్లు తోలండి, ఈ వెడల్పుకు అది ఒక గుంట. ముప్పైకి బదులు ఇరవై ఎనిమిది చుట్లే తిరిగితే ఎరువు కూడా నూటికి ఏడు పాళ్లు తగ్గినట్టే. రేగడిలో ఇంకో సంగతి: వాన పడ్డాక తోలితే గిర్రకు మూడు సెంటీమీటర్ల మందాన బంక పట్టి 60 గిర్ర 66 అవుతుంది, చుట్లు తగ్గుతయి. గిర్రకు ఆనుకొని గీరే పట్టీ ఒకటి పెట్టండి. అంత బంకగా ఉంటే ఆ రోజు బండి కట్టకపోవడమే మంచిది.

చేనులో

దుక్కిలో డీఏపీ, పొటాష్ చల్లినాక వెంటనే గుంటుక తోలండి. డీఏపీలోని భాస్వరం పడ్డచోటు నుంచి పెద్దగా కదలదు, పైపైన వదిలేస్తే వేరుకు అందదు. యూరియా అయినా మట్టిలో కలపకుండా పైపైన వదిలేస్తే కొంత గాలిలో కలిసిపోతుంది. యూరియా, సూపర్ ఫాస్ఫేట్ కలిపి పెట్టెలో పోయకండి, ముద్దవుతుంది.

పత్తిలో పైపాటుకు, అంటే మొక్క మొలిచినాక వేసే ఎరువుకు కూడా ఇదే బండి పనికొస్తుంది, సాళ్లు 90 సెంటీమీటర్లు ఉంటే. 180 వెడల్పు అంటే సరిగ్గా రెండు సాళ్లు. గిర్రలు పక్క సాళ్ల నడుమ నడుస్తయి. కాడి మాత్రం పొడుగుది కావాలి, ఎడ్లు ఆ గిర్రల జాడలోనే, ఆరడుగుల ఎడంలో నడవాలి. నడిమి రెండు నోళ్లు, చివరి రెండు నోళ్లు గుడ్డ కుక్కి మూసేయండి. మిగిలిన ఎనిమిదింటిలో మొక్కకు అటొకటి ఇటొకటి సరిగ్గా ఏడున్నర సెంటీమీటర్ల దూరంలో పడతయి. పత్తికి పైపాటు మొక్కకు 7 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో వేయమంటరు కదా, కుదిరింది. వాటి పక్క నోళ్లకు ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి అదే దిక్కుకు మళ్లించండి. చిట్లే పలక తీసేసి అన్నిటికీ గొట్టాలే పెట్టాలి, ఆకు మీద యూరియా పడితే మాడుతుంది. ఎనిమిది నోళ్లతో, 20 పండ్ల ఫ్రీవీల్‌తో ఎకరానికి 29 కిలోల దాకా యూరియా పడుతుంది. మొదటి పైపాటు, అంటే మొక్క జానెడు ఉన్నప్పుడే ఇది. తర్వాత పెట్టె కొమ్మలకు తగులుతుంది, అప్పుడు మళ్లీ తట్ట, చెయ్యే.

మూలల్లో మళ్లేటప్పుడు ఎరువు పడకుండా, పెద్ద చక్రాన్ని రోలరు సళాకకు బిగించే పిన్ను తీయండి. అట్లా తీస్తూ పెడుతూ ఉండటం ఇబ్బంది అనిపిస్తే గెట్ల వెంబడి చివరి చుట్టు ఆఖర్న వేసుకోండి. ఎకరం గంటా పావులో అయిపోతుంది.

పొద్దుగూకినాక

పెట్టెలో పిడికెడు ఎరువు కూడా ఉంచొద్దు. యూరియా తేమను పీల్చి తెల్లారేసరికి గాడుల్లో నీరై, మళ్లీ ఎండి రాయవుతుంది. రోలరు సళాకను రెండు బోల్టులు విప్పి బయటికి తీయగలిగేటట్టే మొదట్నుంచీ బిగించుకోండి. బకెట్లో ముంచి, పాత పండ్ల బ్రష్షుతో గాడులు రుద్ది, ఆరబెట్టండి. కడిగిన నీళ్లు పశువుల కుడితి తొట్టి దగ్గర పారబోయకండి, యూరియా నీళ్లు తాగితే ఎద్దు ప్రాణానికే ముప్పు. మా ఇంట్లో ఆ నీళ్లు కొబ్బరిచెట్టు మొదట్లోకి పోతయి. చైనుకు నూనె, ఇరుసుకు గ్రీజు, రబ్బరు పెదవులకు ఏమీ వద్దు. రోలరు సళాకను దూలానికి అడ్డంగా వేలాడదీయండి. కింద పెడితే పిల్లలు గిర్ర అనుకొని ఆడుకుంటరు, నా పన్నెండు రోలర్లలో ఒకటి అట్లనే పోయింది, లేత్ వాని దగ్గరికి మళ్లీ పోవాల్సి వచ్చింది.